వాగు ఒడ్డు పాత నర్సరీ స్థలాన్ని పరీక్షించి తిరిగి వాగుకు అప్పగించే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో గాని, మానేరు ఒడ్డున ఉన్న కరీంనగర్‌లో గాని, గోదావరి పక్కన ఉన్న మంచిర్యాలలో గాని మొక్కల నర్సరీలు ఎక్కువగా నీటి పక్కనే వెలిశాయి. ఇల్లు కట్టడానికి అనుమతి రాని నేల కాబట్టి కౌలు తక్కువ, చేతికందేంత దూరంలో నీళ్లు, తవ్వితే దొరికే ఒండ్రుమట్టి; ఇంతకంటే కారణం అక్కరలేదు. 2015లో హరితహారం మొదలయ్యాక మొక్కల గిరాకీ పెరిగి, మునిసిపాలిటీలు, గ్రామ పంచాయతీలు సొంతంగా కూడా నర్సరీలు పెంచాయి. కౌలు ముగిసో, నాలా వెడల్పు పనుల వల్లనో నర్సరీ ఎత్తేశాక మిగిలే స్థలం బయటి నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనాన్ని నమ్మి నేరుగా గుంతలు తీసి మొక్కలు నాటడమే చాలాచోట్ల జరుగుతున్న పని. ఈ వ్యాసం అందుకు భిన్నమైన వరుసను సూచిస్తుంది. ముందు నీటి దారిని సరిచేయాలి, తరువాత నేలను, మొక్క వంతు ఆ రెండింటి తరువాతే రావాలి. కాలనీ సంక్షేమ సంఘాలు, వార్డు అధికారులు, కళాశాలల్లో పర్యావరణ విభాగాల విద్యార్థులు తక్కువ ఖర్చుతో చేయగలిగిన పనులను, తప్పనిసరిగా నిపుణులకు వదలవలసిన పనులను వేరు చేసి చెప్పడానికి ఇందులో ప్రయత్నించాను.

కాగితాలు, జ్ఞాపకాలు

మొదట ఆ భూమి ఎవరిదో, ఏమిటో తేల్చుకోవాలి. పహాణీలు, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ, గ్రామ నక్షా, ఇప్పటి భూభారతి (ఆన్‌లైన్ భూ రికార్డు) మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అది పట్టా భూమా, శిఖం భూమా (చెరువు నీరు పరుచుకొనే నేల), సర్కారు పోరంబోకా అన్నది బయటపడుతుంది. నక్షాలో వాగు గీత ఎక్కడ ఉంది, ఇప్పుడు వాగు ఎక్కడ పారుతోంది అన్న తేడాను ప్రత్యేకంగా రాసుకోవాలి, ఎందుకంటే పట్టణాల్లో వాగులు వాటంతటవి జరిగినవి తక్కువ, జరపబడినవి ఎక్కువ. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం మునిసిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు లేదా నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న వాటికి 2 మీటర్లు ఖాళీగా వదలాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు. ఈ దూరాలను స్థలం మీద సున్నంతో గీసి చూపిస్తే తరువాత వచ్చే వాదనలు సగం తగ్గుతాయి.

గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు, ఇస్రో వారి భువన్ చిత్రాలు వరుసగా చూస్తే షేడ్ నెట్లు ఎప్పుడు వచ్చాయో, నేలను మొరంతో ఎప్పుడు ఎత్తు చేశారో తెలుస్తుంది. కానీ మందులు ఎక్కడ కలిపేవారో ఏ ఉపగ్రహమూ చెప్పదు. అది అక్కడ పనిచేసిన మాలీలకు, సంచుల్లో మట్టి నింపిన ఆడకూలీలకు మాత్రమే తెలుసు. వారిని ఆఫీసుకు పిలిపించి అడగడం కన్నా స్థలం మీద వెంట నడుస్తూ అడగడం మేలు. మందుల గది ఎక్కడ, పంపులు ఎక్కడ కడిగేవారు, మిగిలిన మందు ఎటు పారబోసేవారు, చెదలకు నేలలో ఏం పోసేవారు, ఖాళీ డబ్బాలు ఎక్కడ పూడ్చారు అన్న ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే పరీక్షల ఖర్చు చాలావరకు ఆదా అవుతుంది.

నీటి మట్టం ముందు చూడాలి

2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ నయీంనగర్ నాలా, బొందివాగు పరిసర కాలనీలు మునిగిన సంగతి వరంగల్ వారికి చెప్పనక్కరలేదు. 2023 జులై 27న ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే రోజు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తింది. అలాంటి వాన మళ్లీ వస్తుందనుకొనే ఒడ్డు పనిని ఆలోచించాలి.

నర్సరీలు సంచుల వరుసలు సమంగా నిలవడానికి నేలను చదును చేసి, బురద కాకుండా మొరం పోస్తాయి. అలా ఏళ్ల తరబడి పోసిన మొరం వాగు పొంగినప్పుడు నీరు పరుచుకోవలసిన చోటును మింగేస్తుంది. ఎంత మింగిందో కొలవడానికి మేస్త్రీలు వాడే నీటి లెవల్ పైపు చాలు. పక్క ఇళ్ల గోడల మీద, కరెంటు స్తంభాల మీద మిగిలిన వరద గుర్తుల ఎత్తును ఆధారంగా పెట్టుకొని, వాగు అంచు నుంచి స్థలం వెనుక హద్దు దాకా ఐదారు మీటర్లకు ఒకచోట మట్టం తీసి గ్రాఫు కాగితం మీద గీయాలి. మధ్యలో రెండు మూడు చోట్ల గడ్డపారతో గుంత తీస్తే ఎర్ర మొరం పొర ఎక్కడ ఆగి, దాని కింద నల్లటి పాత ఒండ్రు ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీతే అసలు ఒడ్డు. అంతవరకు తవ్వి తీసేయగలమా, కొంతవరకేనా అన్నది నీటిపారుదల శాఖ ఇంజనీరు చూసి చెప్పవలసిన విషయం, వాగు హద్దులో ఏ మట్టి పనికైనా ఆ శాఖ అనుమతి తప్పనిసరి.

మట్టి నమూనాలు

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. నర్సరీలో కాలుష్యం పొలంలో లాగా సమంగా పరుచుకొని ఉండదు, అక్కడక్కడ చుక్కలుగా ఉంటుంది. మందుల గది గుమ్మం ముందు రెండు గజాల నేల విషంతో నిండి, పది గజాల అవతల ఏమీ లేకపోవచ్చు. అందుకే రెండు రకాల నమూనాలు వేర్వేరుగా తీయాలి.

మొదటి రకం నేల సత్తువ కోసం. స్థలాన్ని వాడకాన్ని బట్టి, అంటే మొక్కల మడులు, మట్టి కలిపిన కళ్లం, దారులు, వాగు గట్టు అన్నట్టు విడదీసి, ఒక్కొక్క భాగంలో వంకర టింకరగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల ఆంగ్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, అంచు నుంచి పలుచగా మట్టి గీరాలి. అంతా కలిపి పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా చేయాలి. సూక్ష్మపోషకాలు కూడా చూడాలంటే జింకు పూత ఉన్న బకెట్లు, తట్టలు వాడకూడదు, ఆ పూత ఫలితాన్ని పాడు చేస్తుంది. పాత చెత్త కుప్ప, చెట్టు మొదలు, పెంట కుప్ప వేసిన చోటు వదిలేయాలి.

రెండవ రకం విషం కోసం. ఇందులో కలపడం ఉండకూడదు. మాలీలు చూపిన ఒక్కొక్క చోటునుంచీ 0-15, 15-30, 30-60 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి. పురుగుమందుల అవశేషాల నమూనాను ప్లాస్టిక్ సంచిలో వేయకూడదు, మూత కింద అల్యూమినియం రేకు పెట్టిన గాజు సీసాలో నింపి ఐసు పెట్టెలో ప్రయోగశాలకు చేర్చాలి. భార లోహాలకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచి పనికొస్తుంది. చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా ఈ పని ఎవరి చేతా చేయించకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది పోలిక నమూనా. వాగుకు ఎగువన, నర్సరీ ఎన్నడూ లేని, అదే రకం నేల నుంచి కనీసం రెండు నమూనాలు తీయకపోతే వచ్చిన అంకెలకు అర్థమే ఉండదు.

ఏయే మందులు అడగాలన్నది నర్సరీ వయసును బట్టి తేలుతుంది. వ్యవసాయంలో డీడీటీ వాడకం 1989లోనే నిలిచింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. గుళికల రూపంలో మడుల్లో చల్లే ఫోరేట్‌పై నిషేధం 2020 చివర అమల్లోకి వచ్చింది. కాబట్టి ముప్పై నలభై ఏళ్ల నర్సరీ అయితే డీడీటీ, ఎండోసల్ఫాన్‌లు చెందిన ఆర్గానోక్లోరిన్ల వర్గం మొత్తం అడగాలి, పదేళ్లలోపుదైతే క్లోర్‌పైరిఫాస్ వంటివి, రాగి చూస్తే సరిపోతుంది. క్లోర్‌పైరిఫాస్ మామూలు మోతాదులో కొన్ని నెలల్లో విరిగిపోతుంది కాని, చెదల కోసం గాఢంగా పోసిన చోట చాలాకాలం నిలుస్తుంది. రాగి మాత్రం విరిగేది కాదు. నారుకుళ్లు రాకుండా బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఏటేటా పోసిన మడుల్లో అది సేంద్రియ పదార్థానికి అంటుకొని పై 15 సెంటీమీటర్లలోనే పేరుకుంటుంది. వానపాములు కనిపించని మడి కనబడితే ముందుగా అనుమానించవలసినది దీన్నే. వాన పడ్డాక ఒక జాన లోతు, జాన వెడల్పు మట్టి ముద్ద తీసి చేత్తో విరిచి వానపాములున్నాయో చూడడం ప్రయోగశాల ఖర్చుకు ముందు చేసుకోదగిన పరీక్ష.

నేల గట్టిదనానికి మరో చిన్న పరీక్ష ఉంది. అడుగు కోసేసిన గుండ్రటి రంగు డబ్బాను నేలలో రెండు అంగుళాలు దిగగొట్టి, నీళ్లు పోసి, నేల తడిశాక మళ్లీ పోసి, గంటకు ఎన్ని సెంటీమీటర్లు ఇంకుతోందో స్కేలుతో చూడాలి. ట్రాక్టర్లు తిరిగిన దారుల్లో దాదాపు ఇంకనే ఇంకదు. రేగడి సహజంగానే నెమ్మదిగా ఇంకుతుంది, చల్కా, అంటే ఎర్ర ఇసుక నేల, త్వరగా ఇంకుతుంది. కనుక ఈ అంకెను కూడా పక్కనున్న వాడని నేలతోనే పోల్చాలి.

చెలిమె నీళ్లు

పట్టణ వాగులో పారే నీటిని పరీక్షిస్తే ఊరి మురుగు సంగతి తెలుస్తుంది, నర్సరీ సంగతి తెలియదు. నర్సరీ నుంచి ఊరే నీటిని పట్టుకోవాలంటే ఎండాకాలంలో వాగు ఇసుకలో స్థలానికి ఎగువన ఒకటి, ఎదురుగా ఒడ్డు పక్కనే ఒకటి, దిగువన ఒకటి చెలిమెలు, అంటే నీరు ఊరే చిన్న గుంతలు, తీయడం మంచి ఉపాయం. మొదట ఊరిన నీటిని తోడేసి, తిరిగి తేటగా ఊరాక నమూనా పట్టాలి. ఒడ్డు పక్క చెలిమెలో నైట్రేటు, ఉప్పుదనం ఎగువ చెలిమె కన్నా బాగా ఎక్కువగా ఉంటే మడుల్లో వేసిన యూరియా, డీఏపీ ఇంకా కిందికి దిగుతున్నట్టే. తాగునీటి ప్రమాణంలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరైడు 1.0 దాకా మంచిది, ప్రత్యామ్నాయం లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. పాత బోరు నీటిని కూడా ఈ రెండింటికీ చూపించాలి.

వాగు నీటినే చూడదలిస్తే కరిగిన ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకొనే ఆక్సిజన్) రెండూ చాలు. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా, బీఓడీ 3కు మించకుండా. మన నాలాల్లో ఈ హద్దుకు చేరువయ్యే రోజు ఇప్పట్లో రాదు, అయినా అంకె రాసి ఉంచుకోవాలి.

ఫలితాలను చదవడం

సత్తువ పరీక్షలు వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ద్వారానో, వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రాల్లోనో చేయించవచ్చు. మందుల అవశేషాలకు మాత్రం ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రయోగశాలే కావాలి, మున్ముందు ఆ కాగితం కార్యాలయాల్లో నిలబడాలి కనుక. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. లవణ సూచిక (ఈసీ) మీటరుకు 1 డెసీసీమెన్ లోపుంటే చింత లేదు. రాగికి పోలిక నమూనాను ప్రధానంగా చూస్తూ, కెనడా వారు వ్యవసాయ భూములకు పెట్టుకున్న కిలోకు 63 మిల్లీగ్రాముల విలువను పక్కన పెట్టుకోవచ్చు. పోలిక నమూనాతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా మందులు గాని లోహాలు గాని తేలితే అక్కడితో సొంత ప్రయత్నం ఆపి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది కాబట్టి ఇప్పుడు అలాంటి దరఖాస్తుకు ఒక దారి ఉంది.

ఎత్తివేయవలసినవి

శుభ్రత పని మార్చి నుంచి మే వరకు, వాగు సన్నబడ్డప్పుడు చేయాలి. పాత మందుల సీసాలు, గడ్డకట్టిన పొడి దొరికితే కాల్చకూడదు, పూడ్చకూడదు, పాత సామాన్లవాడికి ఇవ్వకూడదు. అవి ప్రమాదకర వ్యర్థాలు. పొడిగా, నీడలో, తాళం వేసి ఉంచి, మండలి ద్వారా దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేసుకోవాలి. మందుల గది ముందున్న కలుషిత మట్టి కొద్దిపాటిదైతే దాన్నీ అదే దారిలో పంపడం, పెద్ద మొత్తమైతే నీరు దిగకుండా కప్పి నిపుణుల కోసం వేచి ఉండడం సరైన పని.

నల్ల సంచుల బెడద వేరు. పైకి కనిపించేవి ఏరేస్తే అయిపోయిందనుకుంటారు గాని, మడుల అంచున అరచేయి లోతు తవ్వితే పొరలు పొరలుగా చిరుగు సంచులు బయటపడతాయి. ఒక మడిని పూర్తిగా తవ్వి, మట్టిని అర అంగుళం జాలితో జల్లించి, ఎంత ప్లాస్టిక్ వచ్చిందో తూకం వేసి చూస్తే మొత్తం పనికి ఎందరు కూలీలు కావాలో అంచనా దొరుకుతుంది.

వదిలేసిన మొక్కల వరుసల దగ్గర కాసేపు ఆగాలి. అమ్ముడుపోని టేకు, నీలగిరి, కోనోకార్పస్ మొక్కలు సంచిని చీల్చుకొని వేళ్లు నేలలోకి దించి, జానెడు ఎడంలో కంప గోడలా పెరిగి ఉంటాయి. మొదలు దగ్గర వంగి చూస్తే నల్ల సంచి ముక్క ఉంగరంలా బిగుసుకొని, బెరడు దాని మీదుగా ఉబ్బి ఉంటుంది. అలాంటి చెట్టు పెద్దదైన కొద్దీ ఈదురుగాలికి అక్కడే విరుగుతుంది. కానుగ, వేప, నేరేడు వంటివి వరుసలో ఉంటే మూడు మీటర్లకు ఒకటి చొప్పున బాగున్నవి ఎంచి, సంచి ఉంగరాన్ని కత్తితో కోసి తీసి, మిగిలినవి నరికేయాలి. కోనోకార్పస్‌ను ఒక్కటి కూడా ఉంచనక్కరలేదు. పెద్ద చెట్లు నరకాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి చూసుకోవాలి.

ఒడ్డు వాలు మీద సర్కారు తుమ్మ ఉంటే ఒకేసారి పెకలించడం ప్రమాదం. అది ఎంత చెడ్డదైనా ఇప్పుడు ఆ గట్టును పట్టుకొని ఉన్నది దాని వేళ్లే. ఈ ఏడు సగం నరికి ఆ ఖాళీలో కొత్తవి నాటి, అవి పట్టాక వచ్చే ఏడు మిగతా సగం తీయాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతి తొడుగులతో పీకాలి. వాడని బోరును అలా వదలరాదు. తెరిచి ఉన్న బోర్లు పిల్లల ప్రాణాలు తీస్తున్నందున 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కింది నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. వరద నీరు నేరుగా భూగర్భంలోకి దిగే దారి కూడా దాంతో మూసుకుపోతుంది.

ఒడ్డు, నేల, నాటడం

రోహిణి కార్తె ముగిసేలోగా మొరం తొలగింపు, వాలు సవరణ పూర్తి కావాలి. తీసిన మొరాన్ని ఇంకో కుంటలో పోస్తే ఇక్కడి వరదను అక్కడికి పంపినట్టవుతుంది, అది ఎక్కడికి వెళుతుందో ముందే రాసి పెట్టుకోవాలి. వాలు ఒక అడుగు ఎత్తుకు రెండు అడుగుల అడ్డం చొప్పున, వీలైతే అంతకన్నా మెత్తగా ఉండాలి. నిట్టనిలువు గట్టులో లకుముకి పిట్టల బొరియలు కనిపిస్తే ఆ కొద్ది గజాలు ముట్టుకోకుండా వదిలేయడం మంచిది. కాంక్రీటు గోడ అడిగేవారు తప్పక వస్తారు. ఇళ్లు ఆనుకొని ఉన్న ఇరుకు చోట అది తప్పకపోవచ్చు, కానీ నర్సరీ వదిలిన విశాలమైన ఒడ్డుకు గోడ కట్టడం దొరికిన వెసులుబాటును చేజేతులా పారేసుకోవడమే.

గట్టిపడ్డ దారులను లోతుగా దున్నించి, మృగశిరలో మొదటి మంచి వానకు జీలుగ గాని జనుము గాని చల్లి, పూతకు వచ్చే ముందు కలియదున్నాలి. వాలు మీద మాత్రం దున్నకూడదు. చెరువు పూడిక మట్టి మంచిదే అయినా పట్టణ చెరువుల పూడికలో మురుగు కలిసి ఉంటుంది, పరీక్షించకుండా తేకూడదు. రాగి తేలిన మడుల్లో ఆకుకూరలు వేయకూడదు, పశువులను మేపకూడదు. పెంట ఎరువు బాగా కలిపి, గడ్డి కప్పి ఉంచితే రాగి వేళ్లకు అందడం తగ్గుతుంది.

నాటేటప్పుడు వాగు పారే మధ్య భాగంలో చెట్లు వద్దు. చెత్త చిక్కుకొని వరద పక్కకు మళ్లుతుంది. అక్కడ రెల్లు, తుంగ చాలు. జమ్ము పిలవకుండానే వస్తుంది. వాలు మీద అడ్డంగా వరుసలుగా వట్టివేరు పిలకలను జానెడు ఎడంలో నాటి, వరుసల మధ్య బొటనవేలు మందం, రెండు మూడు అడుగుల పొడవున్న వావిలి కొమ్మలను మూడింట రెండు వంతులు నేలలోకి దించాలి. వాలు పైన ఈత వేస్తే గట్టు నిలుస్తుంది, గీత కార్మికులకు ముందు ముందు ఆసరా అవుతుంది, వారే దాన్ని కాపాడుకుంటారు. గట్టు తల మీద ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి. ఇంకా వెనక్కి, నీరు నిలవని చోట వేప, చింత, మోదుగ. ఏరుమద్ది వేళ్లు వాగు గట్టును పట్టినంత బాగా మరే చెట్టు వేళ్లూ పట్టవని నా నమ్మకం. మేకల బెడద ఉన్న వైపు గచ్చకాయ కంచె వేయాలి.

మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోయడానికి మనిషి, ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది నాటకముందే తేలాలి. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం మునిసిపాలిటీలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, అడిగేటప్పుడు ఆ మాట గుర్తు చేయవచ్చు. ఏటా వానాకాలం ముందూ తరువాతా అవే నాలుగు చోట్ల నిలబడి ఫొటోలు తీయాలి. అవే చెలిమెల స్థానాల్లో నైట్రేటు చూడాలి. పెద్ద వాన మరుసటి రోజే లెవల్ పైపుతో వచ్చి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో, వాలు ఎక్కడ జారిందో గీసిన పాత పటం మీదనే వేరే రంగు సిరాతో గుర్తు పెట్టాలి. ఆ పటం ఒక ప్రతి వార్డు కార్యాలయంలో, ఒక ప్రతి నీటిపారుదల శాఖ సెక్షన్ కార్యాలయంలో ఉండాలి.